అవసరానికి మించి ఒక సిలిండర్ కొనండి

కారు కొనబోయేవాళ్లు చేతిలో ఒక జాబితా పట్టుకుని తిరుగుతారు. మైలేజీ ఎంత, డిక్కీ ఎంత, సన్‌రూఫ్ ఉందా, టచ్ స్క్రీన్ ఎన్ని అంగుళాలు, మూడేళ్ల తర్వాత అమ్మితే ఎంతొస్తుంది. అందులో మొదట ఉండాల్సిన ప్రశ్న మాత్రం ఎక్కడా కనిపించదు. ఇంజన్‌లో సిలిండర్లు ఎన్ని? వాటిని ఎలా అమర్చారు?

నేను చెప్పే సలహా ఒక్కటే. మీ అవసరానికి ఎన్ని సిలిండర్లు చాలునని లోకం చెబుతుందో, దానికి ఒకటి కలిపి కొనండి. మూడు చాలన్న చోట నాలుగు, నాలుగు చాలన్న చోట ఐదు, ఐదు చాలన్న చోట ఆరు. డబ్బు చాలకపోతే కొత్త బండి మానేసి పాత బండి కొనండి. బ్రేకులు, సీటు బెల్టులు, ఎయిర్‌బ్యాగులు ప్రాణానికి సంబంధించినవి, వాటిలో రాజీ పడొద్దు. మిగతావన్నీ సిలిండర్ల తర్వాతే. స్క్రీన్ పాడైతే మార్చుకోవచ్చు. సీట్లకు కొత్త కవర్లు వేయించుకోవచ్చు. రంగు నచ్చకపోతే వేరే రంగు కొట్టించుకోవచ్చు. మూడు సిలిండర్ల ఇంజన్‌కు నాలుగోది మాత్రం ఏ షెడ్డులోనూ తగిలించరు.

ఇక చిట్కాలు. వరుస తప్పకుండా పాటించండి.

1. ముందు బానెట్, తర్వాతే సీటు

షోరూమ్‌లో అడుగు పెట్టగానే సేల్స్ కుర్రాడు తలుపు తీసి "కూర్చోండి సార్" అంటాడు. కూర్చోవద్దు. మెత్తటి సీటులో కూర్చున్న మనిషి సగం ఒప్పుకున్నట్టే. "బాబూ, ముందు బానెట్ ఎత్తు" అనండి. ఎత్తగానే పైన నల్లటి ప్లాస్టిక్ మూత కనిపిస్తుంది. అది ఇంజన్ కాదు. చాలా బళ్లలో అది రబ్బరు బొడిపెల మీద కూర్చుని ఉంటుంది, మెల్లగా పైకి లాగితే ఊడి వస్తుంది. తీసి చూపించమని అడగండి.

పెట్రోల్ ఇంజన్ అయితే పైన ఇగ్నిషన్ కాయిల్స్ లెక్కపెట్టండి. ఇప్పటి బళ్లలో చాలావరకు సిలిండర్‌కు ఒక కాయిల్ ఉంటుంది. డీజిల్ అయితే ఇంజెక్టర్లు, వాటికి వెళ్లే సన్నటి ఇనుప పైపులు లెక్కపెట్టాలి. ఆ తర్వాత వరుస ఎటు ఉందో చూడండి. ముందు చక్రాలు లాగే చిన్న కార్లలో ఇంజన్ అడ్డంగా ఉంటుంది. వెనక చక్రాలు తోసే కార్లలో సాధారణంగా పొడవునా, ముందు నుంచి వెనక్కి ఉంటుంది. రెండు వరుసలు కనిపిస్తే అది వీ ఆకారపు ఇంజన్. బ్రోషర్‌లో ఇచ్చిన సీసీని సిలిండర్ల సంఖ్యతో భాగించి కాగితం మీద రాసుకోండి. 1197 సీసీని నాలుగుతో భాగిస్తే ఒక్కో సిలిండర్ 300 సీసీకి కాస్త తక్కువ. అదే మూడుతో భాగిస్తే 399. ఈ అంకె తెలియకుండా అడ్వాన్స్ కట్టకండి.

2. పిల్లలకు ఎక్కాలతో పాటు ఈ లెక్క కూడా నేర్పండి

నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో ఒక సిలిండర్ తన పని పూర్తి చేయడానికి క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరగాలి. రెండు చుట్లంటే 720 డిగ్రీలు. ఈ 720ని సిలిండర్ల సంఖ్యతో భాగిస్తే, సమంగా మండే ఇంజన్‌లో ఎన్ని డిగ్రీలకొక మంట వస్తుందో తెలుస్తుంది. ఒక సిలిండర్‌కు 720, మూడుకు 240, నాలుగుకు 180, ఐదుకు 144, ఆరుకు 120, ఎనిమిదికి 90, పన్నెండుకు 60. ఇంట్లో గోడ మీద రాసి పెట్టండి.

ఇందులో ముఖ్యమైన గీత నాలుగుకూ ఐదుకూ మధ్య ఉంది. మంట పుట్టి పిస్టన్‌ను కిందికి తోసే స్ట్రోకు 180 డిగ్రీలు సాగుతుంది. మూడు సిలిండర్లలో ఒక తోపు అయిపోయాక తర్వాతి తోపు వచ్చేదాకా 60 డిగ్రీల ఖాళీ ఉంటుంది. ఆ కాసేపు క్రాంక్‌ను నడిపేది ఫ్లైవీల్ బరువే. నాలుగులో ఒకటి ముగిసిన చోట ఇంకొకటి మొదలవుతుంది. ఐదు నుంచి మాత్రం ఒక తోపు ముగియకముందే తర్వాతిది అందుకుంటుంది. క్రాంక్ మీద ఎవరి చేయీ లేని క్షణమంటూ ఉండదు. నాలుగుకు ఒకటి కలపమని నేను అన్నింటికన్నా గట్టిగా చెప్పేది ఇందుకే.

3. ఒకటి నుంచి పైకి ఎక్కండి

నేరుగా పెద్ద ఇంజన్‌కు వెళ్లకండి, చెవి ముందు సిద్ధపడాలి. డీజిల్ ఆటో ఎక్కి డ్రైవర్ పక్కన కూర్చోండి, లేదా స్నేహితుడి బుల్లెట్ అడిగి తీసుకోండి. రెండింటిలోనూ ఒక్కటే సిలిండర్. ఒక్కో దెబ్బ విడివిడిగా వినిపిస్తుంది, ఒళ్లంతా తెలుస్తుంది. 1886లో కార్ల్ బెంజ్ పేటెంట్ తీసుకున్న మూడు చక్రాల బండిలోనూ ఉన్నది ఒక్క సిలిండరే. 954 సీసీతో అది ఒక హార్స్ పవర్ కూడా ఇచ్చేది కాదు.

తర్వాత టాటా నానో వెతకండి. 624 సీసీ, రెండు సిలిండర్లు, ఇంజన్ వెనక. 2009లో రోడ్డెక్కి 2018లో ఆగిపోయింది. లక్ష రూపాయల కారని అందరూ ధర గురించే మాట్లాడుకున్నారు కానీ, ఇద్దరు పనివాళ్లతో నలుగురిని మోయించిన ఆ ధైర్యాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఆ తర్వాత మూడుకు మారుతి 800, నాలుగుకు అంబాసిడర్. ఇవన్నీ ఎక్కకుండా కొత్త కారు బుక్ చేయకండి. ఆరు నెలలు పడితే పట్టనివ్వండి.

4. మూడు సిలిండర్ల బండిని చిన్నచూపు చూడకండి, అయినా నాలుగే కొనండి

1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800లో ఉన్నది 796 సీసీ, మూడు సిలిండర్లు. ఓమ్నీ వ్యాన్‌లో ముందు సీట్ల కింద ఉన్నదీ అదే ఇంజన్. మన పొలాల్లో మాస్సీ ఫెర్గూసన్ 1035, స్వరాజ్ 735 ట్రాక్టర్లు దమ్ము చేసేదీ మూడు సిలిండర్లతోనే. కాబట్టి మూడు అనేది తక్కువతనం కాదు.

వరుసగా ఉన్న మూడు సిలిండర్లలో పైకీ కిందికీ లాగే బలాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మిగిలే ఇబ్బంది ఇంకొకటి. ఆ చివరి సిలిండర్, ఈ చివరి సిలిండర్ వేర్వేరు సమయాల్లో లాగడంతో ఇంజన్ మొత్తం రెండు కొసల మధ్య ఊగుతుంది. దాన్ని ఆపడానికి బ్యాలెన్సర్ షాఫ్ట్ వేస్తారు, లేదా ఇంజన్ మౌంటింగులను మెత్తగా చేస్తారు. ఫోర్డ్ తన ఒక లీటరు ఎకోబూస్ట్‌లో ఫ్లైవీల్‌నూ ముందరి పుల్లీనీ కావాలనే బరువు సమంగా లేకుండా చేసి ఈ ఊపును సర్దింది. మన దగ్గర ఎకోస్పోర్ట్‌లో వచ్చింది ఆ ఇంజనే. టొయోటా జీఆర్ యారిస్ 1618 సీసీ మూడు సిలిండర్లతో 250కి పైగా హార్స్ పవర్ తీసింది. ఇంత తెలివి చూపించిన ఇంజినీర్లను గౌరవించాలి. గౌరవించి, నాలుగు సిలిండర్ల బండి కొనాలి. ఊపును సర్దుకునే ఇంజన్ కంటే ఆ ఊపే లేని ఇంజన్ మేలు.

5. మైలేజీ గురించి ఒక్క ప్రశ్న కూడా అడగకండి

2024 మేలో వచ్చిన కొత్త స్విఫ్ట్‌ను చూడండి. పాత ఇంజన్ 1197 సీసీ, నాలుగు సిలిండర్లు. కొత్త ఇంజనూ 1197 సీసీయే కానీ సిలిండర్లు మూడు. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోల్ ఇంజన్ ఉంటే మన దేశంలో పన్ను తక్కువ. అందుకే చాలా చిన్న కార్లు 1197, 1199 దగ్గర ఆగుతాయి. ఆ 1200 లోపలే సిలిండర్ ఒకటి తగ్గిస్తే ఒక పిస్టన్, ఒక కనెక్టింగ్ రాడ్, నాలుగు వాల్వులు తగ్గుతాయి. రాపిడి తగ్గుతుంది, తయారీ ఖర్చు తగ్గుతుంది, మైలేజీ పెరుగుతుంది.

ఎంత పెరుగుతుంది? కంపెనీ చెప్పిన లెక్కలో మాన్యువల్ గేర్ల స్విఫ్ట్ లీటరుకు 22.38 కిలోమీటర్ల నుంచి 24.80కి చేరింది. ఏడాదికి 10,000 కిలోమీటర్లు తిరిగేవాళ్లకు ఈ తేడా 44 లీటర్ల లోపే. లీటరు 108 రూపాయలు అనుకుంటే ఏడాదికి 4,700 రూపాయలు, రోజుకు 13. ఒక టీ డబ్బులు కూడా కావు. ఆ 13 రూపాయల కోసం ఇంజన్‌లో నాలుగో వంతు వదులుకోవద్దు. సేల్స్ కుర్రాడు మైలేజీ ఎత్తగానే మాట మార్చి, "ఫైరింగ్ ఆర్డర్ చెప్పు బాబూ" అని అడగండి. తెలియకపోతే మేనేజర్‌ను పిలిపించండి.

6. 1-3-4-2 కంఠస్థం చేయండి

వరుస నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో మంట సాధారణంగా ఒకటి, మూడు, నాలుగు, రెండు అనే క్రమంలో వస్తుంది. ఫైరింగ్ ఆర్డర్ అంటే ఇదే. అంబాసిడర్‌లోని 1489 సీసీ ఇంజన్‌దీ, ప్రీమియర్ పద్మినిలోని 1089 సీసీ ఇంజన్‌దీ ఇదే క్రమం. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్, తర్వాత వచ్చిన క్వాలిస్, ఇన్నోవా అన్నీ నాలుగు సిలిండర్లవే. ఫియట్ 1248 సీసీ మల్టీజెట్ డీజిల్ స్విఫ్ట్‌లోనూ ఇండికా విస్టాలోనూ పుంటోలోనూ నడిచింది. పైన మూడు కంపెనీల పేర్లు, లోపల ఒకే నాలుగు సిలిండర్లు. మన దేశపు రోడ్లను నడిపించిన అమరిక ఏదంటే ఇదే.

కానీ నాలుగు దగ్గర ఆగిపోకండి. అందులో ఒక లోపం ఉంది. కనెక్టింగ్ రాడ్ పక్కకు వాలుతుంది కాబట్టి పిస్టన్ తన దారిలో పై సగాన్ని వేగంగా, కింది సగాన్ని కాస్త నెమ్మదిగా దాటుతుంది. రెండు పిస్టన్లు పైకి వెళ్తూ రెండు కిందికి వస్తున్నా ఆ తేడా వల్ల లెక్క పూర్తిగా సరిపోదు. క్రాంక్ తిరిగే ప్రతి చుట్టుకూ రెండుసార్లు ఇంజన్ వణుకుతుంది. ఇంజన్ పెద్దదయ్యే కొద్దీ ఆ వణుకు పెరుగుతుంది. దీనికి మందు కనిపెట్టింది ఇంగ్లండ్ ఇంజినీరు ఫ్రెడరిక్ లాంచెస్టర్. క్రాంక్‌కు రెట్టింపు వేగంతో ఎదురెదురుగా తిరిగే రెండు షాఫ్టులు పెట్టాలన్నాడు. 1970లలో మిత్సుబిషి దాన్ని మెరుగుపరిచింది. పోర్షే అంతటి కంపెనీ తన 944 కారులోని రెండున్నర లీటర్ల ఇంజన్ కోసం మిత్సుబిషికి రాయల్టీ చెల్లించి ఆ ఏర్పాటు వాడుకుంది. రెండు లీటర్లు దాటిన నాలుగు సిలిండర్ల బండి కొనేటప్పుడు బ్యాలెన్సర్ షాఫ్టులు ఉన్నాయో లేవో రాతపూర్వకంగా అడగండి. లేకపోతే కొనొద్దు. ఉన్నా, ఇంకొక సిలిండర్ కోసం వెతకండి.

7. కొత్త చిన్న ఎస్‌యూవీ డబ్బులతో పాత ఐదు సిలిండర్ల బండి కొనండి

ఈ సలహా ఇంట్లో గొడవ తెస్తుంది. అయినా పాటించండి. 2016లో మన మార్కెట్లోకి వచ్చిన ఫోర్డ్ ఎండీవర్ 3.2లో ఉన్నది 3198 సీసీ, వరుసగా ఐదు సిలిండర్ల డీజిల్. 2020లో బీఎస్6 పొగ నిబంధనలు రాగానే దాని స్థానంలో రెండు లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజన్ పెట్టారు. కాబట్టి ఆర్‌సీలో సీసీ గడి చూడకుండా ఎండీవర్ కొనకండి. 3198 అని ఉంటేనే మీకు కావాల్సింది అది. మహీంద్రా అమ్మిన శాంగ్‌యాంగ్ రెక్స్‌టన్ 2.7లో కూడా ఐదు సిలిండర్లే, 2696 సీసీ, మెర్సిడెస్ వంశం. సెకండ్ హ్యాండ్ మార్కెట్లో దాన్ని అడిగేవాళ్లు తక్కువ. మీరు అడగండి.

కర్ణాటక సంగీతంలో చతురశ్ర నడకలో నుంచి మృదంగం ఒక్కసారి ఖండ నడకలోకి మారితే వినేవాడు నిటారుగా కూర్చుంటాడు. నాలుగు సిలిండర్ల నుంచి ఐదుకు మారినప్పుడు చెవికి జరిగేది అదే. 144 డిగ్రీలకొక మంట, 1-2-4-5-3 అనే వరుస. పక్కపక్క సిలిండర్లు ఒకసారి, దూరపు సిలిండర్లు ఒకసారి మండటం వల్ల ఆ గొంతులో ఒక ఒరిపిడి వస్తుంది. 1974లో మెర్సిడెస్ తన డీజిల్ కారులో, 1976లో ఆడి తన 100 పెట్రోల్ కారులో ఈ అమరిక పెట్టాయి. 1980లో వచ్చిన ఆడి క్వాట్రో ర్యాలీల్లో దాన్ని ప్రపంచమంతా వినిపించింది.

ఫోర్డ్ మన దేశంలో తయారీ ఆపేస్తున్నట్టు 2021లో ప్రకటించింది కదా, విడిభాగాలు ఎలా అంటారా? కుదిరితే రెండు బళ్లు కొనండి. ఒకటి నడపడానికి, ఒకటి విడిభాగాలకు. ఇంటి ముందు స్థలం ఉన్నవాళ్లకు ఇంతకంటే మంచి సలహా లేదు.

8. ఆరు సిలిండర్ల కోసం బస్సెక్కండి, తర్వాత చౌమహల్లాకు వెళ్లండి

వరుసగా ఆరు సిలిండర్లున్న ఇంజన్‌ను మించిన అమరిక ఇంకా పుట్టలేదని నా నమ్మకం. ముందు మూడు, వెనక మూడు అద్దంలో చూసినట్టు ఎదురెదురుగా కదులుతాయి. మూడు సిలిండర్ల ఊపు, నాలుగు సిలిండర్ల వణుకు రెండూ ఇందులో పూర్తిగా రద్దవుతాయి. బ్యాలెన్సర్ షాఫ్ట్ అక్కర్లేదు. మంట 120 డిగ్రీలకొకటి, వరుస 1-5-3-6-2-4.

ఇది సంపన్నులకే దొరుకుతుందని అనుకోకండి. పాత ఆర్టీసీ బస్సుల్లో, టాటావి కానీ లేలాండ్‌వి కానీ, చాలావాటిలో ఉన్నది వరుసగా ఆరు సిలిండర్ల డీజిలే. డ్రైవర్ పక్కన ఆ వేడి పెట్టె మీద కూర్చుని ఊరెళ్లినవాళ్లంతా ఆరు సిలిండర్ల మీద కూర్చున్నవాళ్లే. పల్లె రూట్లలో ఇంకా అలాంటి బస్సు తిరుగుతుంటే, కారున్నా సరే దానిలో వెళ్లండి. ముందు సీటు పట్టుకోండి. ఘాట్ రోడ్డయితే మరీ మంచిది.

ఆ తర్వాత హైదరాబాదులో చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లండి. దర్బారు హాలు, షాండ్లియర్లు తర్వాత చూడొచ్చు. నిజాముల కోసం తయారైన 1912 నాటి పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ అక్కడ ఉంది. అందరూ వెనక ఉన్న సింహాసనం లాంటి సీటును చూస్తారు. మీరు బానెట్ పొడవు చూడండి. దాని కింద మూడేసి సిలిండర్ల రెండు దిమ్మెలు ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉంటాయి. మొత్తం ఆరు, 7.4 లీటర్లు. నిజాముకు ఇంకేం తెలిసినా తెలియకపోయినా ఇంజన్ ఎంపిక సరిగ్గా జరిగింది.

ఈ అమరికకున్న ఒకే ఇబ్బంది పొడవు. ముందు చక్రాలు లాగే కారులో సాధారణంగా అడ్డంగా పట్టదు. 1990ల చివరలో మెర్సిడెస్ దీన్ని వదిలేసి వీ6కు వెళ్లింది. దాదాపు ఇరవై ఏళ్లకు మళ్లీ వరుస ఆరుకే వచ్చింది. బీఎండబ్ల్యూ 1968 నుంచి దీన్ని విడిచిపెట్టలేదు. చెన్నై ప్లాంటులో బిగించే ఎం340ఐలో ఉన్నది ఇదే, 2998 సీసీ. ఫ్లాట్ కొనే ఆలోచన ఉంటే ఒక బెడ్‌రూమ్ తగ్గించుకుని ఆ తేడాతో దీన్ని కొనండి.

9. వీ6ను జాగా లేనప్పుడే ఒప్పుకోండి

వీ6 పుట్టింది సంగీతం కోసం కాదు, స్థలం కోసం. ఇటలీలో 1950లో లాన్సియా ఆరేలియా దాన్ని మొదటిసారి పెద్ద ఎత్తున తయారయ్యే కారులో పెట్టింది, రెండు వరుసల మధ్య 60 డిగ్రీలు. పొట్టిగా ఉంటుంది, అడ్డంగా పడుతుంది. కానీ అడుగున ఉన్నది మూడేసి సిలిండర్ల ఇంజన్లు రెండే కాబట్టి, ఆ కొసల ఊపు కొంత మిగిలే ఉంటుంది.

ఒక్క మినహాయింపు ఇస్తాను. ఫోక్స్‌వాగన్ 1991లో తెచ్చిన వీఆర్6లో రెండు వరుసల మధ్య కోణం 15 డిగ్రీలే. రెండు వరుసలకూ కలిపి ఒకే సిలిండర్ హెడ్. మన దగ్గర స్కోడా సూపర్బ్ 3.6లో వచ్చింది ఈ కుటుంబపు ఇంజనే, అందులో కోణం ఇంకా తగ్గి 10.6 డిగ్రీలయింది. బయటికి చూస్తే వరుస ఇంజన్‌లా, లోపల వీలా ఉంటుంది. అది ఎక్కడైనా అమ్మకానికి కనిపిస్తే మెకానిక్ వద్దన్నా కొనండి.

10. అమెరికాలో ఉన్న మనవాళ్లకు: కామ్రీ మానేసి వీ8 కొనండి

మనవాళ్లు అక్కడికి వెళ్లిన ఏడాదిలోపే ఒక కామ్రీయో అకార్డో కొంటారు. 2025 మోడల్ నుంచి కామ్రీలో వీ6 కూడా పోయింది, నాలుగు సిలిండర్ల హైబ్రిడ్ ఒక్కటే మిగిలింది. వీ8 జన్మభూమి కాకపోయినా దాని పెంపుడు ఇల్లు అమెరికాయే. 1914లో కాడిలాక్ దాన్ని పెద్ద సంఖ్యలో తయారు చేసింది. 1932లో ఫోర్డ్ దాన్ని మామూలు జనం కొనగలిగే ధరకు దించింది. 1955లో షెవర్లే చిన్న బ్లాకు వీ8 తెచ్చింది. ఇన్ని తరాల పనితనం పక్కనే ఉండగా నాలుగు సిలిండర్లతో ఆఫీసుకు వెళ్లొద్దు. పాత మస్టాంగ్ జీటీ కొనండి, ఐదు లీటర్లది.

కొనేముందు క్రాంక్ గురించి తెలుసుకోండి. అమెరికన్ వీ8ల్లో ఎక్కువగా క్రాంక్ పిన్నులు 90 డిగ్రీల తేడాతో కూడిక గుర్తులా ఉంటాయి. మొత్తం మీద 90 డిగ్రీలకొక మంట వచ్చినా ఒక్కో వైపు వరుసలో మాత్రం మంటలు అసమానంగా వస్తాయి. ఆ గుడగుడ అందువల్లే. ఫెరారీ వీ8లో పిన్నులు ఒకే సమతలంలో ఉంటాయి, మంట ఎడమా కుడీ మారుతూ సమంగా వస్తుంది, గొంతు సన్నగా పైకి లేస్తుంది. మొదటిదాన్ని బండి వెనక నిలబడి, రెండోదాన్ని దూరంగా నిలబడి వినాలి.

11. పడుకున్న సిలిండర్లను, పన్నెండును కూడా వదలొద్దు

ఫోక్స్‌వాగన్ బీటిల్‌లో నాలుగు, పోర్షే 911లో ఆరు, సుబారూలో 1966 నుంచి సిలిండర్లు నేలకు సమాంతరంగా పడుకుని ఉంటాయి. దీన్ని బాక్సర్ అంటారు. ఎదురెదురు పిస్టన్లు ఒకేసారి బయటికి, ఒకేసారి లోపలికి కదులుతాయి. ఒక్కోదానికి విడి క్రాంక్ పిన్ను ఉంటుంది. బరువు కిందికి దిగడంతో మలుపుల్లో బండి నిలబడుతుంది. ఫెరారీ టెస్టరోసాలోని పన్నెండు సిలిండర్లు కూడా పడుకునే ఉంటాయి కానీ ఎదురెదురు పిస్టన్లు ఒకే పిన్నును పంచుకుంటాయి. కాబట్టి అది బాక్సర్ కాదు, 180 డిగ్రీలకు తెరిచిన వీ12. చాలా సుబారూల్లో స్పార్క్ ప్లగ్గులు మార్చాలంటే పక్క గోడలకూ ఇంజన్‌కూ మధ్య చెయ్యి దూర్చాలి. ఆ కష్టానికి భయపడి కొనడం మానొద్దు. అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్లకు సుబారూ సులువుగా దొరుకుతుంది.

పన్నెండు అంటే రెండు వరుస ఆర్లు. ఆ నునుపు అక్కడి నుంచి వచ్చిందే. 2003 నుంచి రోల్స్ రాయిస్ ఫాంటమ్‌లో ఉన్నది 6.75 లీటర్ల వీ12. 2005లో బుగాటీ వేరాన్ పదహారు సిలిండర్లతో, 7993 సీసీతో వచ్చింది. ఇవి కొనలేం. కానీ ఏ హోటల్ ముందో ఒకటి ఆగి ఉంటే, డ్రైవర్‌ను మర్యాదగా అడిగి స్టార్ట్ చేయించుకుని వినండి. పదిమందిలో ఒకరు ఒప్పుకున్నా చాలు.

12. టెస్ట్ డ్రైవ్‌లో పావుగంట కదలకండి

బండి చల్లగా ఉన్నప్పుడు, ఉదయం షోరూమ్ తెరిచే వేళకు వెళ్లండి. ముందే స్టార్ట్ చేసి ఉంచొద్దని ఫోన్‌లో చెప్పండి. పాటలు ఆపించండి, ఏసీ ఆపించండి, అద్దాలు దించండి, ఇంట్లోవాళ్లను వెనక కూర్చోబెట్టి మాట్లాడొద్దనండి. కుడి చెయ్యి స్టీరింగ్ మీద, ఎడమ చెయ్యి గేర్ రాడ్ మీద ఉంచి స్టార్ట్ చేయండి. నిమిషానికి 800 చుట్ల దగ్గర మూడు సిలిండర్ల ఇంజన్‌లో సెకనుకు 20 మంటలు, నాలుగులో 27 దాకా, ఆరులో 40. ఆ తేడాను అరచెయ్యి పట్టేస్తుంది. తర్వాత ఏసీ వేయండి. కంప్రెసర్ బరువు పడగానే తక్కువ సిలిండర్ల ఇంజన్ ఎలా నలుగుతుందో తెలుస్తుంది. పావుగంట ఇలా విన్నాక కూడా నచ్చితేనే గేరు వేయండి.

మామగారు రీసేల్ మాట ఎత్తుతారు. "మామయ్యా, అమ్మడానికి కొనడం లేదు" అని చెప్పండి. బావగారు సర్వీసు ఖర్చు అంటారు. ఆయన్ను కూడా ఆ సీట్లో కూర్చోబెట్టి పావుగంట విననివ్వండి. వాదన అక్కడితో సరి.

13. ఆలస్యం చేయకండి

2022లో మెర్సిడెస్ తన సీ63లో నాలుగు లీటర్ల వీ8 తీసేసి, రెండు లీటర్ల నాలుగు సిలిండర్లు, ఒక ఎలక్ట్రిక్ మోటారు పెట్టింది. 2024లో బెంట్లీ పన్నెండు సిలిండర్ల డబ్ల్యూ12ను ఆపేసింది. ఐదు సిలిండర్ల కొత్త పెట్రోల్ కారంటే ఇవాళ ఆడి ఆర్ఎస్3 లాంటి ఒకటి రెండు మోడళ్లే మిగిలాయి. ఎలక్ట్రిక్ కార్లు వస్తున్నాయి, రావాల్సిందే, గాలి బాగుపడాలి. వాటిలో సిలిండర్లు ఉండవు, లెక్కపెట్టడానికి ఏమీ ఉండదు. ఎలక్ట్రిక్ బండి పదేళ్ల తర్వాత కూడా దొరుకుతుంది, ఇంతకంటే మంచిదే దొరుకుతుంది. ఐదు, ఆరు సిలిండర్ల బండి అప్పటికి దొరకదు. అందుకే మీ తర్వాతి కారు ఎలక్ట్రిక్ అయినా ఫరవాలేదు, ఈ కారు మాత్రం సిలిండర్లున్నదే కొనండి, అవసరానికి మించి ఒకటి ఎక్కువ ఉన్నదే కొనండి. ఈ ఆదివారమే మీ బండి బానెట్ ఎత్తి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, దానికి ఒకటి కలిపి, వెతకడం మొదలుపెట్టండి.